రెండో ఎత్తుకే హెచ్‌5 మీద క్వీన్: జవాబు లేదన్నదెవరు?

మా చెన్నై చుట్టాల వాట్సాప్ గ్రూపులో వారం రోజులుగా ఒకటే చెస్ వీడియో తిరుగుతోంది. (గడి పేరులో అక్షరం నిలువు వరస, ఏ నుంచి హెచ్ దాకా; అంకె అడ్డ వరస. ఉత్త గడి పేరు చెబితే బంటు అక్కడికి వెళ్లిందని.) తెలుపు ఈ4, నలుపు ఈ5 ఆడగానే తెలుపు క్వీన్‌ని ఏకంగా హెచ్‌5కి లాగెయ్యాలట. ఇక నలుపుకి జవాబే లేదట, నాలుగో ఎత్తుకి మేట్, అంటే ఆట కట్టు అట. నకమురా అంతటి గ్రాండ్‌మాస్టరే ఆడాడట. దాని కింద ఒక బాబాయి ఉచిత సలహా: "జి6 నెట్టండి, క్వీన్ పారిపోతుంది." ఆ సలహా నమ్మి మొన్న ఆదివారం పెరంబూరులో మా చెల్లెలి మనవడు మునిగాడు. అందుకే ముందు దాని సంగతి.

వాడు జి6 ఆడాడు. పక్కింటి పిల్ల క్వీన్‌తో ఈ5 బంటును కొట్టి చెక్ అంది. వీడు బిషప్‌ని ఈ7లో అడ్డం పెట్టి ఇంకా వేలు తియ్యనేలేదు, ఆ పిల్ల చూపు మూలనున్న రూక్ మీదికి పోయింది. జి బంటు కదిలాక ఈ5 నుంచి హెచ్‌8 దాకా దారి బార్లా తెరుచుకుంది మరి. "తాతయ్యా, తరమమన్నారుగా!" అని నా మీద ఎగిరాడు. నేననలేదురా నాయనా.

జి6 తప్పు ఎత్తు కాదు. వేళ తప్పు. ముందు గుర్రాన్ని సి6లో పెట్టి ఈ5 బంటుని కాయాలి. తెలుపు బిషప్ సి4కి వస్తుంది. రాజు తప్ప కాపలా లేని ఎఫ్‌7 మీద ఇప్పుడు ఇద్దరి గురి. అప్పుడు జి6. క్వీన్ ఎఫ్‌3కి తగ్గి మళ్ళీ ఎఫ్‌7నే చూస్తుంది. రెండో గుర్రం ఎఫ్‌6. అంతే, దాడి చల్లబడింది. తెలుపు గుర్రానికి కావలసిన ఎఫ్‌3 గడిలో వాళ్ల క్వీనే కూర్చుంది.

నాలుగో ఎత్తుకి మేట్ వస్తుంది, కాదనను. కానీ అది నలుపు చేతులారా ఇచ్చేది. మూడో ఎత్తులో జి6 మాని, క్వీన్‌ని కొడదామని గుర్రాన్ని ఎఫ్‌6కి తెస్తే ఎఫ్‌7లో ఆట కట్టు. పిల్లలు ఎక్కువగా పడేది ఇక్కడే.

నకమురా ఆడిన మాట నిజం, 2005లో. ఎవరి మీద? మన మద్రాసులో పుట్టిన గ్రాండ్‌మాస్టర్ శశికిరణ్ మీద. శశికిరణ్ జవాబు సరిగ్గా పైన చెప్పిన వరసే: గుర్రం, జి6, గుర్రం. గెలిచింది కూడా ఆయనే. వీడియోలో ఆ ముక్క ఎందుకు లేదో!

అలాగని "క్వీన్ తొందరగా బయటికొస్తే ఓటమే" అనే పెద్దమనుషుల మాటా ఒప్పుకోను. పై వరస తర్వాత తెలుపు ఓడిపోయిందేమీ లేదు, ముందు ఆడే లాభం పోగొట్టుకుంది, అంతే. స్కాండినేవియన్ అనే ఓపెనింగ్‌లో (ఆట మొదలుపెట్టే వరస; ఈ4కి నలుపు డి5 ఆడితే తెలుపు దాన్ని కొడుతుంది) నలుపు రెండో ఎత్తుకే క్వీన్‌తో డి5 బంటుని కొడుతుంది. 1995 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అప్పటి చాంపియన్ కాస్పరోవ్ మీద మన ఆనంద్ ఆడింది అదే. ఆ ఆట ఓడాడు, కానీ ఓపెనింగ్‌లో కాదు.

బట్టీ పట్టాల్సిన చోటు ఒక్కటుంది. ఎఫ్‌6 గుర్రాన్ని తరమడానికి కొందరు ఐదో ఎత్తులో జి4 నెడతారు. కంగారు పడకుండా సి6 గుర్రాన్ని డి4కి దూకించండి. క్వీన్ మీదా, సి2 మీదా ఒకేసారి దెబ్బ. రెండూ కాచుకోవడానికి క్వీన్ మామూలుగా డి1కి పోతుంది. అంటే బయల్దేరిన గడికే. ఇప్పుడు నలుపు డి5 ఆడొచ్చు.