బిజినెస్ అనలిస్ట్‌కి కోడింగ్ రావాలా? ఆర్‌ఏసీ బెర్తునడగండి

అమీర్‌పేటలో బిజినెస్ అనలిస్ట్ (ఏ సాఫ్ట్‌వేర్ కావాలో తెలుసుకుని డెవలపర్లకు వివరించే ఉద్యోగం) కోర్సు వివరాలు అడిగే బీకాం, ఎంబీఏ వాళ్ల టెన్షన్ ఒకటే: కోడింగ్ రావాలా? ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్ (సాఫ్ట్‌వేర్‌ను టికెట్, ప్రయాణికుడు లాంటి విడివిడి వస్తువులుగా చూసి, వాటి సంబంధాలను బొమ్మగా గీయడం) అనే మాట వినపడితే ఆ భయం రెట్టింపవుతుంది. ముందు జావా కోడింగ్, తర్వాత డిజైన్ అని చెప్పేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే ఆ వరుసే తప్పు.

రైలు టికెట్ తీసుకోండి. ఒకే పీఎన్‌ఆర్ మీద నలుగురు సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్తున్నారు. చార్ట్ వచ్చేసరికి ఇద్దరికి బెర్తులు ఖాయమయ్యాయి, ఒకరు ఆర్‌ఏసీ, ఇంకొకరు వెయిటింగ్ లిస్ట్. మరి స్టేటస్ ఎవరిది? కొత్తవాళ్లు దాన్ని టికెట్ అనే క్లాస్‌లో పెట్టేస్తారు (క్లాస్ అంటే రైలు క్లాస్ కాదు, ఒక రకం వస్తువుకు ఉండే వివరాలు, పనుల నమూనా). కానీ ఇక్కడ స్టేటస్ ప్రయాణికుడిది, టికెట్‌ది కాదు. సైడ్ లోయర్ మీద మోకాళ్లు ముడుచుకుని, ముక్కూమొహం తెలియని మనిషితో సగం సగం పంచుకున్నవాళ్లకు ఇంకోటీ తెలుసు: బెర్తుకు ఒక్కరే అని గీస్తే ఆ బొమ్మ తప్పు. ఈ రెండూ పట్టుకోవడానికి ఒక్క లైను కోడ్ కూడా అక్కర్లేదు.

అలాగని ప్రోగ్రామింగ్ దండగ అనను. ఆర్‌ఏసీ ప్రయాణికుడు, కన్‌ఫర్మ్ అయిన ప్రయాణికుడు అని ప్రయాణికుడి క్లాస్ కింద రెండు సబ్‌క్లాసులు (ఉపరకాలు) గీస్తే కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. ఎవరో కేన్సిల్ చేసుకుంటే ఆర్‌ఏసీ ఆయనకు పూర్తి బెర్తు వస్తుంది, అంటే ఆయన ఒక సబ్‌క్లాస్ నుంచి ఇంకోదానికి మారాలి. జావాలో మాత్రం ఆబ్జెక్ట్ (క్లాస్ నమూనాతో తయారైన ఒక్కో వస్తువు) ఒకసారి పుట్టాక తన క్లాస్ మార్చుకోలేదు. డెవలపర్ ఇలాంటిచోట ఎప్పుడో దెబ్బ తినే ఉంటాడు, కాబట్టి చూడగానే పసిగడతాడు. బిజినెస్ అనలిస్ట్ తన బొమ్మను అలాంటివాడి పక్కన కూర్చుని ఒక పూట కోడ్‌లో చూసుకుంటే చాలు. చదవడం రావాలి, రాయడం తప్పనిసరి కాదు.

1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్లు ఇలా ఆబ్జెక్టుల్లో ఆలోచించడం నేర్పడానికి మామూలు అట్టకార్డులే వాడారు. కార్డు మీద క్లాస్ పేరు, దాని బాధ్యతలు, అది ఎవరి సాయం తీసుకుంటుందో రాస్తే అయిపోయింది. మన నలుగురు ప్రయాణికుల కథకూ అలా కార్డులు రాసి, టీమ్‌లో తలా ఒకటి ఇచ్చి, "ఒకరు కేన్సిల్ చేశారు, ఇప్పుడు ఎవరు కదలాలి?" అని అడిగి చూడండి. టికెట్ కార్డు, బెర్తు కార్డు పట్టుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వెయిటింగ్ లిస్ట్‌కి కార్డే రాయలేదని అప్పుడు బయటపడుతుంది.