పీకిన నాడే అమ్మాలంటే ఎట్లా?

కర్నూలు మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల (ఉల్లి) కుప్ప పక్కనే రైతు రాత్రంతా పడుకోవడం కొత్త సంగతేం కాదు. తెల్లారితే వేలం. వ్యాపారి అడిగిన ధర నచ్చకపోయినా సరుకు వెనక్కి తీసుకెళ్లలేడు. ట్రాక్టరు బాడుగ మళ్లీ ఎవరిస్తారు? తీసుకెళ్లినా కొన్నాళ్లకే సంచిలో గడ్డ కుళ్లుతుంది.

2025లో ధర పడిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో క్వింటాలు రూ.1,200కు కొనిపించింది. సెప్టెంబరులో హెక్టారుకు రూ.50,000 సాయం కూడా ప్రకటించింది. దాన్ని మేం తక్కువ చేయడం లేదు. కానీ ధర పడ్డాక పరుగెత్తే బదులు, రైతు పంట పీకిన నాడే ఎందుకు అమ్ముకోవాల్సి వస్తోందో చూడాలి.

కర్నూలు వైపు ఎక్కువగా వేసేది ఖరీఫ్ ఉల్లి. వానలో ఊరిన గడ్డకు తేమ ఎక్కువ, కాడ మొదలయ్యే చోట మెడ లావు, నిల్వకు ఆగదు. కోతకు పది, పదిహేను రోజుల ముందు నీళ్లు ఆపాలి. సగం మొక్కల ఆకులు వాలాక పీకి, పొలంలోనే ఆరనిచ్చి, కొద్దిగా మెడ ఉంచి కాడ కోయాలి. రబీలో మడవ మూసేస్తే నీళ్లు ఆగుతాయి. ఖరీఫ్‌లో మబ్బుకు మడవ ఎవరు మూస్తారు? నల్లరేగడిలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే గడ్డ అక్కడే మెత్తబడుతుంది.

రబీ ఉల్లి అలా కాదు. బాగా ఆరితే నాలుగైదు నెలలు ఉంటుంది. నాసిక్ రైతు దాన్ని ఇంటి దగ్గరే, కింద నుంచి, పక్కల నుంచి గాలి ఆడే కాందా చాళ్ అనే నిల్వ షెడ్డులో పోసి ధర కోసం చూస్తాడు. ఆ మహారాష్ట్ర సరుకే ఏప్రిల్‌లో మార్కెట్లను ముంచెత్తుతుంది కదా, మనవాళ్లు రబీ వేసి ఏం లాభం అని అడగొచ్చు. అడగాల్సిందే. నిల్వ షెడ్డు లేకుండా రబీకి మారితే నష్టపోయే నెల మారుతుంది, అంతే. 25 టన్నుల షెడ్డుకు కేంద్ర ఉద్యాన పథకంలో సబ్సిడీ ఉంది. ముందు ఖర్చు పెట్టుకో, తర్వాత ఇస్తాం అంటే అప్పుల్లో ఉన్న చిన్న రైతు ఆ గడప తొక్కడు. కౌలు రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు, షెడ్డు వేయడానికి అతని పేరున భూమే ఉండదు.

దాచుకున్నా టెన్షన్ తప్పదు. కేంద్రం 2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతిపై 40 శాతం సుంకం వేసింది. డిసెంబరులో ఎగుమతే ఆపేసింది. 2024 మేలో నిషేధం ఎత్తేసినా, సుంకం పూర్తిగా పోయింది 2025 ఏప్రిల్ 1న. ఇలా మధ్యలో తలుపులు మూస్తే ముందుగా మునిగేది ధర కోసం దాచుకున్నవాడే. పట్నంలో కిలో ధర పెరిగితే వచ్చే కంగారు మాకు తెలియనిది కాదు. కనీసం నాటిన పంట అమ్ముడయ్యేదాకా నిబంధనలు మార్చకుండా ఉండగలరా?

రాష్ట్రం తన చేతిలో ఉన్న పని చేయాలి. రబీ ఉల్లికి నారు పోసేది అక్టోబరు, నవంబరుల్లో. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నుంచి కేసీ కాలువకు రబీ నీళ్లు ఇస్తారో లేదో, ఇస్తే ఏ తేదీదాకా ఇస్తారో ఆయకట్టు రైతుకు నారు పోయకముందే చెప్పాలి. డిసెంబరులో చెబితే అప్పటికే విత్తనం కొన్నవాడికీ, కొనకుండా ఆగినవాడికీ ఆ మాట పనికిరాదు.