చిన్ని ఒళ్లో కూర్చుంది

ఇవాళ పొద్దున ఇంటర్వ్యూ. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, బెంగళూరు ట్రాఫిక్ టెన్షన్, పరుగున లిఫ్ట్ ఎక్కాను. లోపల ఏడో అంతస్తు పెద్దాయన, ఆయన గ్రేట్ డేన్. ఆరుకీ ఐదుకీ మధ్య కరెంటు పోయింది. మెయింటెనెన్స్ డబ్బులకు అసోసియేషన్ వాళ్లు ఠంచనుగా ఫోన్ చేస్తారు, జనరేటర్‌కి మాత్రం తీరికుండదు.

కుక్క పేరు చిన్ని. 60 కిలోల పైమాటే. "ఏమీ చెయ్యదు బాబూ" అన్నారాయన. నిజమే, ఏమీ చెయ్యలేదు. నా మీద ఆనుకుంది, అంతే. నచ్చినవాళ్ల మీద బరువంతా మోపి నిలబడడం ఈ జాతి అలవాటట. నేను జరిగాను, అదీ జరిగింది. ఎంతని జరుగుతాం? లిఫ్ట్‌కి గోడలుంటాయి కదా.

పెద్దాయనకు వినేవాడు దొరికాడు. "పేరులో డేన్ ఉందని డెన్మార్క్‌ది అనుకునేవు! దీనిది జర్మనీ. 18వ శతాబ్దంలో బుఫాన్ అనే ఫ్రెంచాయన 'గ్రాండ్ డనోయి', అంటే పెద్ద డెన్మార్క్ కుక్క, అని రాసేశాడు. 1880లో జర్మన్లు బెర్లిన్‌లో కూర్చుని, కాదు, దీని పేరు 'డాయిచె డోగె', అంటే జర్మనీ కుక్క, అని తేల్చారు. ఎవరు విన్నారు?"

మా అసోసియేషన్ తీర్మానాలూ అంతే. కుక్కలు సర్వీస్ లిఫ్ట్‌లోనే వెళ్లాలట. ఆ లిఫ్ట్ మూడు నెలలుగా రిపేరులో ఉంది.

"వేటగాడు బల్లెంతో వచ్చేదాకా అడవిపందిని కదలకుండా పట్టి ఉంచేవి దీని పూర్వీకులు." ఇలాగేనా అని అడుగుదామనుకున్నాను, ఊపిరి చాలలేదు. "పంది కోరలకు చిక్కకుండా చెవులు కోసేసేవారు. మేం కోయించలేదు." తెలుస్తూనే ఉంది, ఒక చెవి నా టై మీదే ఉంది.

అప్పుడు మొదలైంది జొల్లు. బూందీ లడ్డూకి మా అమ్మ తీగపాకం వేళ్ల మధ్య సాగదీసి చూసేది. అచ్చం అదే పాకం. దిగింది, ఆగింది, కాస్త ఊగింది, మళ్లీ దిగింది. కింద నా చొక్కా జేబు. పెద్దాయన బెర్లిన్ నుంచి ఇంకా తిరిగి రాలేదు. "కర్చీఫ్ ఉందా అండీ?" అన్నాను. "ఉంది" అని దానితో చిన్ని మూతి తుడిచి మడిచి జేబులో పెట్టుకున్నారు.

కరెంటొచ్చింది. లిఫ్ట్ ఒక్క కుదుపు కుదిపింది. అడవిపందుల్ని ఆపిన వంశం కెవ్వుమని నా మీదకెక్కింది. నేను కూలబడ్డాను, అది ఒళ్లో కూర్చుంది. తలుపు తెరుచుకుంది. కింద పదిమంది. "ఏనాయ్తు సార్?" అన్నాడు సెక్యూరిటీ.

ఇంటర్వ్యూ సంగతి అడక్కండి. సాయంత్రం అసోసియేషన్ గ్రూపులో సీసీటీవీ ఫొటోతో మెసేజ్: లిఫ్ట్‌లో కుక్కలను ఒళ్లో కూర్చోబెట్టుకోరాదు, జరిమానా రూ. 500.

కింద వేసిన ఫ్లాట్ నంబరు నాది.