సౌండ్ ఆఫ్ చేసి ఆడితే పోయేదేం లేదంటారా?

అడ్మిషన్ల కాలం మొదలైనప్పటి నుంచి తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నాలుగుసార్లు వచ్చింది. అందులో ఒకటి మా మేనత్త పంపింది, కింద 'చూడు నాయనా' అని రాసి మరీ. దాని సారం ఇదీ: "వీడియో గేముల్లో మ్యూజిక్ ఉత్త సోకు. పిల్లోళ్లు సౌండ్ ఆఫ్ చేసే ఆడతారు. సినిమా బీజీఎం కొట్టేవాడు గేముకి ఒక పూటలో చేసి పారేస్తాడు. మన కర్ణాటక సంగీతానికి అక్కడ చోటే లేదు. మిగిలింది ఏఐ చూసుకుంటుంది. సంగీతం నేర్చిన పిల్లల్ని ఆ దారి పట్టించొద్దు."

నేను మృదంగం నేర్చుకున్నవాణ్ణి. కొన్నేళ్లుగా తిరుపతి బైరాగిపట్టెడలో ఒక చిన్న గదిలో కూర్చుని మొబైల్ గేములకు సౌండ్ చేస్తున్నా. అత్తకి చెప్పాల్సిన జవాబే ఇక్కడ అందరికీ రాస్తున్నా.

ముందు సౌండ్ ఆఫ్ సంగతి. బస్సులో, క్లాసులో దొంగచాటుగా ఆడేవాడు ఆపుతాడు, నిజమే. గెలవాలని పోటీకి ఆడేవాడు మాత్రం హెడ్‌ఫోన్ లేకుండా కూర్చోడు. పబ్జీ లాంటి ఆటల్లో మ్యాచ్ నడిచేటప్పుడు పాట ఉండదు కదా అంటారేమో. గోడ అవతల అడుగుల చప్పుడు వినపడాలని అలా వదిలేశారు. ఎక్కడ వాయించకూడదో తేల్చడం కూడా సంగీతం పనే, పక్కవాద్యగాళ్లని అడగండి.

1978లో వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ అనే గేములో ఉన్నవి నాలుగే స్వరాలు, కిందికి దిగుతూ మళ్లీ మళ్లీ మోగుతాయి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా కదులుతారు, ఆ నాలుగు స్వరాల వేగమూ పెరుగుతుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో గడియారం 100కి దిగగానే కోజీ కోండో కట్టిన ఆ పాటే పరుగందుకుంటుంది. పిల్లోడు పైనున్న అంకె చూడక్కర్లేదు, చెవి చెప్పేస్తుంది. 1990లో సూపర్ మారియో వరల్డ్‌లో మారియో యోషి అనే డైనోసార్ మీదికెక్కితే పాటలో డోలు దెబ్బలు కలుస్తాయి, దిగితే ఆగిపోతాయి. సోకుకి ఇంత పని అప్పజెప్పరు.

ఒక పూటలో చేసి పారేస్తాడన్న మాట దగ్గర నాకు కోపం వస్తుంది. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే అనుకున్నా. మొదటిసారి పని వచ్చినప్పుడు రెండు నిమిషాల ముక్క చేసి, చివర మంచి ముక్తాయింపు, అంటే పాట అయిపోయిందని చెప్పే దెబ్బల వరస, వేసి పంపించా. గేములో పెట్టి ఆడి చూస్తే, ఆడేవాడు దారి తెలీక గుహ ముందు ఏడు నిమిషాలు తచ్చాడాడు. అంతసేపూ పాట మళ్లీ మళ్లీ మొదలవుతూ, నా ముక్తాయింపు మూడుసార్లు ఘనంగా పడింది, అతను ఏమీ గెలవకుండానే. సిగ్గేసింది.

సినిమాలో సీను రెండు నిమిషాల పది సెకన్లంటే ఎన్నిసార్లు వేసినా అంతే. గేములో ఎంతసేపన్నది ఆడేవాడి ఇష్టం. ఇది మన జిల్లా వాళ్లకి కొత్తగా చెప్పాలా? భారతం ఉత్సవాల్లో అర్జునుడి వేషగాడు తపసుమాను అనే పొడవాటి స్తంభం ఎక్కే రోజు గుర్తు చేసుకోండి. మెట్టు మెట్టుకీ పద్యం ఎత్తుకుంటూ పోతాడు. ఎక్కడ ఆగుతాడో, గాలి విసిరితే ఎంతసేపు మాను పట్టుకుని నిలబడతాడో, జనం ఈల వేస్తే ఇంకో రాగం లాగుతాడో ఆయనకే తెలీదు. కింద హార్మోనియం శ్రుతి వదలదు. మృదంగం ఆయన సర్వలఘువు, అంటే ఆగని సాదా నడక, నడుపుతూ, మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూస్తుంటాడు. కాలు కదిలితే నడక మారుతుంది. పైకి చేరి నిమ్మకాయలు, విభూతి విసిరినప్పుడు గానీ ముక్తాయింపు పడదు.

గేమ్ సంగీతం ఇదే. మద్దెలాయన కళ్ల పని ప్రోగ్రామ్ చేస్తుంది, అంతే తేడా. 1991లో మంకీ ఐలాండ్ 2 గేము కోసం మైఖేల్ లాండ్, పీటర్ మెక్‌కానెల్ ఐమ్యూజ్ అనే ఏర్పాటు చేశారు. ఆడేవాడు ఒక చోటు వదిలి ఇంకో చోటికి పోతే, పాట తెగకుండా సరైన తాళం దెబ్బ దగ్గర కొత్త పాటలోకి జారేది. 2010లో రెడ్ డెడ్ రిడెంప్షన్‌కి సంగీతం చాలామటుకు ఒకే శ్రుతిలో, నిమిషానికి 130 దెబ్బల ఒకే నడకలో రికార్డు చేశారు, ఏ వాద్యం పొర మీద ఏ వాద్యం పొర వేసినా అతకాలని. ఇప్పుడు ఆ అతుకుల పనికి వైజ్, ఎఫ్‌మోడ్ లాంటి సాఫ్ట్‌వేర్లున్నాయి. సినిమా ఆయన నేర్చుకోలేడనను. పూటలో మాత్రం కుదరదు.

మన సంగీతానికి చోటు లేదంటారు. 2020లో పుణే స్టూడియో రాజీ అనే గేము తెచ్చింది. కథ మనది, గుళ్లూ దేవుళ్లూ మనవాళ్లే. సంగీతం చేసింది గ్రీసు దేశస్థుడు లినోస్ జెలోస్. చోటుంది, మనం పోయి కూర్చోలేదు. 1989లో గేమ్‌బాయ్ టెట్రిస్‌లో వేసిన బాణీ ఊరూరూ తిరిగి సరుకులమ్మే వర్తకుల మీద రష్యన్లు పాడుకునే జానపదం. ఆ భాషలో ముక్క తెలీనివాళ్లు కూడా దాన్ని కూనిరాగం తీస్తారు. మన కోలాటం పాటకి ఏం తక్కువ?

ఒకటి ఒప్పుకోవాలి. తోడి రాగం ఆలాపన తీసుకుపోయి కొట్లాట సీను కింద పెడితే రెండూ చెడతాయి. కొలత తగ్గించుకోవాలి, అది మనవాళ్లకి కష్టం. అయినా అన్నమయ్య రాగిరేకుల మీద ఉన్నది రాగం పేరే, స్వరాలు లేవు. మనం పాడుకునే బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. నాకొచ్చే ఆర్డర్లూ అలాగే ఉంటాయి: 'అడవి, రాత్రి, కొంచెం భయం'. మిగతాదంతా మనమే కట్టాలి.

ఏఐ గురించి గొప్పలు పోను. మెనూ వెనక మోగే చవక పాటల పని ఇప్పటికే పోతోంది, నా చేతిలోంచి కూడా పోయింది. కానీ అది ఇచ్చే పాటని పొరలుగా విడదీసి, గుహ ముందు నిలబడ్డవాడికి తగ్గట్టు నడిపించే పని అలాగే మిగిలింది. పైగా మనిషి చెయ్యి పడనిదానికి అమెరికా కాపీరైట్ ఆఫీసు హక్కు ఇవ్వనంటోంది. డబ్బు పెట్టి గేము తీసేవాడు పాట తనది కాదంటే ఊరుకుంటాడా?

నెల జీతం వచ్చే ఉద్యోగమా అంటే, నాకైతే కాదు. ముహూర్తాలప్పుడు ఇప్పటికీ కచేరీలకు పోయి మృదంగం వాయిస్తున్నా, దాంతోనే గది అద్దె గడుస్తుంది. ఆ మెసేజ్‌లో ఈ ఒక్క ముక్క రాసుంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు.

అత్తా, ఆదివారం వస్తావు కదా, మనవణ్ణి కూడా తీసుకురా. వాడి ఫోనులో సౌండ్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి ఆడిద్దాం. పాయింట్లు నువ్వే రాసుకో.