కోసిగి ముఠా వచ్చే వేళ

2025 సెప్టెంబరులో అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్‌-1బీ వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుం అని ట్రంప్ ప్రకటించిన వారం, గుంటూరులో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా అదే మాట. నేనూ గట్టిగానే మాట్లాడాను. మన పిల్లలు అక్కడ పన్నులు కడుతున్నారు, సోషల్ సెక్యూరిటీ కోత పడుతోంది, పదేళ్లు నిండకుండా తిరిగొస్తే అందులో పింఛను కూడా రాదు, ఇంకేం కావాలి వాళ్లకి అన్నాను. బాబాయి గ్లాసు కింద పెట్టి, "మరి కోసిగి వాళ్లు మన చేలోకొస్తే నువ్వేమన్నావురా?" అన్నాడు.

ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. ఏటా సంక్రాంతి దాటాక కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కూలీల ముఠాలు పిల్లాపాపలతో గుంటూరు, పల్నాడు పల్లెల్లో మిర్చి కోతలకు దిగుతాయి. వీళ్లు మనూరి కూలీల పొట్ట కొడుతున్నారని పంచాయతీ అరుగు మీద అన్నది నేనే. ఊళ్లో ఉన్న పని ఇంతేనని, కొత్తవాళ్లు వస్తే అందులోంచే పంచాలని అప్పటి నా లెక్క.

ఒక ఏడు ముఠా వేరే ఊరికి వెళ్లిపోయింది. కిలోకు రేటు పెంచుతామని ఊళ్లో అందరినీ బతిమాలాం. రాగలిగినవాళ్లంతా అప్పటికే ఎవరో ఒకరి చేలో ఉన్నారు. పండిన కాయ కోతకు ఆలస్యమైతే రంగు పోతుంది, మీద వాన పడితే తాలు (తెల్లబారిన కాయ) పెరుగుతుంది. మా రెండెకరాల మూడో కోత చెట్టు మీదే పాడైంది. ఆ కాయ మిర్చి యార్డుకు చేరలేదు కాబట్టి దాని టిక్కీలు (బస్తాలు) మోసే హమాలీకి, తోలే ట్రాక్టరుకు, కమీషన్ కొట్టుకు, కోల్డ్ స్టోరేజీకి ఆ మేరకు పని లేదు. వాళ్లంతా మన జిల్లా వాళ్లే.

ఈ కొరత ఇంకా పెరుగుతుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్ర సంతానోత్పత్తి రేటు 1.7. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. ఉన్న పిల్లలు బీటెక్ చదివి హైదరాబాదుకో డాలస్‌కో వెళ్తున్నారు. వెళ్లొద్దని నేను అనను. తుంగభద్ర డ్యాం నీళ్లు పారాక మన కోస్తా రైతులు ఉన్న ఎకరం అమ్ముకుని కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు వెళ్లి వరి వేయలేదా? వాళ్లు స్థిరపడ్డ ఊళ్లు ఇప్పటికీ ఆంధ్రా క్యాంపులే. అయితే అక్కడ వాళ్లకు చవకగా పొలం అమ్ముకున్న స్థానిక రైతు కూలీ అయిన సందర్భాలూ ఉన్నాయి. వలసతో అందరూ ఒకేలా బాగుపడరు.

కూలి రేటు పడిపోతుందన్న భయాన్ని కూడా నేను కొట్టిపారేయను. ముఠాను తెచ్చే మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి కట్టేసిన ముఠా తక్కువకైనా కోస్తుంది, దాంతో ఊరి కూలీ బేరం దెబ్బతింటుంది. దానికి మందు ఇద్దరికీ ఒకటే రేటు. వచ్చినవాళ్లను తరిమేస్తే పోయేది పంటే.

ఈ జనవరిలో ముఠా దిగిన రోజు మేస్త్రీని ముందు అడ్వాన్సు లెక్కే అడిగాను. పిల్లల్లో చాలామంది బడి మానేసి వచ్చారు. మా ఊరి హెడ్మాస్టారు కోతలయ్యేదాకా వాళ్లను కూర్చోబెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. పదకొండు మంది వెళ్తున్నారు. ఇద్దరు మాత్రం చంటిపిల్లలను చూసుకుంటూ గట్టు మీద పట్టా గుడిసెలోనే ఉండిపోతున్నారు.