పలక పోయి పలక వచ్చె

ముందే చెప్పేస్తున్నా, నేను ట్యాబ్‌లకు వ్యతిరేకిని కాను. ప్రాథమిక పాఠశాలలో ప్రతి పిల్లకీ ఒక ట్యాబ్, ప్రతి పీరియడ్‌లోనూ ట్యాబ్ అన్న విధానానికి నా మద్దతు సంపూర్ణం. కాదంటే ఛాందసుడంటారు. ఈ వయసులో ఆ పేరు కొత్తగా మోయలేను.

పైగా ఇదేమీ కొత్త వస్తువు కాదు. నల్లగా, చుట్టూ చట్రంతో, ఒళ్లో పట్టేంత పలకనే మళ్లీ చేతికిచ్చారు. అది కింద పడితే పగిలేది, ఇదీ పగులుతుంది. దాన్ని అరచేత్తో తుడిచేవాళ్లం, దీన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నారు. పాత పలకలో ఒక ఘోరమైన లోపం మాత్రం ఉండేది. ఏడు అంకె తిరగేసి రాసి, ఉమ్మితో చెరిపేస్తే ఆ తప్పు ఇక లోకంలో ఉండేది కాదు. కొత్త పలక అంత అజాగ్రత్తగా వదలదు. ఆరేళ్ల పిల్ల ఎన్నిసార్లు తడబడిందో, ఎన్ని సెకన్లు తటపటాయించిందో తారీఖుతో సహా రాసి, ఎక్కడో ఉన్న సర్వర్‌లో దాచిపెడుతుంది. చిత్రగుప్తుడు కూడా మనిషి పోయేదాకా ఆగి గానీ లెక్క తీయడు.

ఈ మధ్య ఒక రెండో తరగతి గదిలో వెనక బెంచీ మీద ఒక పూట కూర్చునే భాగ్యం కలిగింది. ఏ బడి అని అడక్కండి. లెక్కల పీరియడ్, 40 నిమిషాలు. మొదట పంపకం. ఛార్జింగ్ బీరువా తలుపు తీస్తే లోపల వైర్లన్నీ పిల్లి ఆడుకున్న దారపు ఉండలా ఉన్నాయి. 14వ నంబరు ట్యాబ్‌కు ఛార్జ్ ఎక్కలేదు. ప్లగ్గు పెట్టినవాళ్లు స్విచ్ వెయ్యలేదట. తర్వాత పాస్‌వర్డ్. ఎనిమిది అక్షరాలకు తగ్గకూడదు, అందులో ఒక అంకె ఉండాలి, ఒక గుర్తు ఉండాలి. సొంత పేరే కూడబలుక్కుని రాసే పిల్లాడు ఇదంతా ఎలా కొడతాడు? అందుకే ప్రతి ట్యాబ్ వెనకా పాస్‌వర్డ్ చీటీ అంటించారు. కట్టుదిట్టమైన భద్రత.

ఒకడికి తెర తలకిందులైంది. వాడు ట్యాబ్ తిప్పాడు, తెర కూడా తిరిగింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ తిరిగింది. చివరికి వాడే మెడ వంచేశాడు. ఇంకో పిల్ల ఎంత నొక్కినా పలకడం లేదు. వేలు తగలగానే విద్యుత్ క్షేత్రంలో వచ్చే చిన్న మార్పును పట్టుకుని పనిచేసే తెర అది, తడి తగిలితే ఎక్కడ నొక్కారో దానికే అయోమయం. ఆ పిల్లకు జలుబు. ఆ వేలు ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను కళ్లారా చూశాను. "టీచర్, నాది తిరుగుతోంది!" అని మూడు మూలల నుంచి కేకలు. తిరుగుతున్నది పిల్లల తల కాదు, అప్‌డేట్ తాలూకు సున్నా. ఇరవై మూడో నిమిషంలో పాఠం మొదలైంది. సమయం వృథా అని గొణిగేవాళ్లకు నా జవాబు ఒకటే: ఓర్పు పాఠ్యప్రణాళికలో లేదు, ఇలాగే నేర్పాలి.

ఇక పాఠం. 8+7 ఎంత? కింద నాలుగు జవాబులు. తప్పు నొక్కితే ఒక కప్ప బొమ్మ గుండె బాదుకుంటూ కింద పడుతుంది. ఒప్పు నొక్కితే నాలుగు నక్షత్రాలు రాలతాయి. నక్షత్రాల కన్నా కప్ప బాగుందని పిల్లలు అయిదు నిమిషాల్లో కనిపెట్టేశారు. ముందు మూడు తప్పులూ నొక్కి, మూడుసార్లు కప్పను పడేసి, అప్పుడు మిగిలినదాన్ని నొక్కుతున్నారు. నాలుగింటిలో ఒకటి ఒప్పు కాక తప్పదన్న సంభావ్యతా సిద్ధాంతం రెండో తరగతిలోనే ఒంటబట్టింది. ఇంతకు మించిన ఫలితం ఏం కావాలి?

ఈ నక్షత్రాల వెనక పెద్ద వంశచరిత్ర ఉంది. అమెరికాలో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలను పెంచేవారు. సరైన చోట ముక్కుతో పొడిస్తే గింజ పడుతుంది, పొడవకపోతే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు దారి చూపించడానికి కూడా పావురాలకు శిక్షణ ఇచ్చారు, సైన్యం వాడుకోలేదు గానీ. 1953లో ఆయన నాలుగో తరగతి చదివే కూతురి లెక్కల క్లాసు చూడ్డానికి వెళ్లారు. చేసిన లెక్క ఒప్పో తప్పో పిల్లలకు వెంటనే తెలియడం లేదు, పైగా చురుకైనవాడూ నిదానస్తుడూ ఒకే వేగంతో నడవాల్సి వస్తోంది. ఆ బెంగ న్యాయమైనదే, ఇప్పటికీ తీరలేదు. దానికి మందు ఒక యంత్రం అని తేల్చి, 1954లో 'బోధన యంత్రం' చూపించారు. ఈనాటి యాప్ ఆ పెట్టెకు మనవడు. పావురాలకు గింజలు, పిల్లలకు నక్షత్రాలు. పావురాలే నయం, వాటికి కడుపైనా నిండేది.

అసలు బడిని మార్చేస్తామన్న ముహూర్తాలు చాలా దాటాయి. బడుల్లో పుస్తకాలకు త్వరలో కాలం చెల్లుతుంది, సినిమాలే పాఠాలు చెబుతాయి అని ఎడిసన్ 1913లోనే ప్రకటించారు. పిల్లల కోసం ఒళ్లో పట్టే కంప్యూటర్ అనే ఊహను అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త అలన్ కే 1972లో కాగితం మీద పెట్టారు. ఆయన ఊహలో పిల్లలు దానితో కొత్తవి తయారుచేస్తారు. మనం ఆ భాగాన్ని వదిలేసి నొక్కడం వరకు ఉంచుకున్నాం.

విమర్శకులు లాస్ ఏంజెలెస్ కథ ఎత్తుతారు. 2013లో అక్కడి బడుల్లో విద్యార్థులందరికీ ఐప్యాడ్‌లు ఇవ్వాలని 130 కోట్ల డాలర్ల పథకం మొదలుపెట్టారు. పంచిన కొద్ది రోజులకే ఉన్నత పాఠశాల విద్యార్థులు సుమారు 300 మంది, బడివాళ్లు వేసిన తాళాన్ని తప్పించేశారు. ట్యాబ్‌లోని ప్రొఫైల్‌ను తీసేస్తే చాలట, ఇక ఏ సైటైనా చూసుకోవచ్చు. దీన్ని వైఫల్యం అన్నవాళ్ల బుద్ధికి జోహార్లు. ఏ ఉపాధ్యాయుడూ చెప్పకుండా సమస్యను గుర్తించారు, పరిష్కరించారు, పక్కవాడికి నేర్పారు. సొంతంగా నేర్చుకోవడం, జట్టుగా పనిచేయడం అని పథకాల కాగితాల్లో రాసుకునేవన్నీ నెరవేరిన సందర్భం అదొక్కటే. మరుసటి ఏడాది ఆ ఒప్పందాన్ని ఆపేశారు, అది వేరే సంగతి. స్వీడన్ అయితే 2023లో మళ్లీ అచ్చు పుస్తకాలు కొంటామని 68.5 కోట్ల క్రోనర్లు కేటాయించింది. చలిదేశం కదా, కాగితం ఉంటే వెచ్చగా ఉంటుందనుకున్నారేమో.

ట్యాబ్లెట్ అంటే మాత్ర అని కూడా అర్థముంది కదా. మందు మాత్రకైతే పూటకెన్నో చీటీ మీద రాస్తారు. బడి మాత్రకు ఆ ఆనవాయితీ లేదు, మింగినంత మింగించడమే. పదిహేనేళ్ల పిల్లల మీద ఓఈసీడీ అనే, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ 2015లో ఇచ్చిన నివేదికలో, బడిలో కంప్యూటర్లను మితంగా వాడేవాళ్లు అరుదుగా వాడేవాళ్ల కన్నా కొంచెం మెరుగ్గా ఉన్నారట, మరీ ఎక్కువగా వాడేవాళ్లు బాగా వెనకబడ్డారట. మితం అనే ఆ మాటే మాబోటి మద్దతుదారులకు మింగుడుపడదు. కొన్నది 40 ట్యాబ్‌లు, కొన్నవి మూలన పడితే లెక్క ఎవరు చెప్పుకోవాలి? కాబట్టి వాడకం పెంచాలి. వాడకం పెరిగినట్టు కనిపించాలి.

కనిపించడానికి టీచర్ దగ్గర ఇంకో ట్యాబ్ ఉంటుంది. అందులో తరగతి మొత్తం చుక్కలు. తెర మీద వేలు ఆడుతుంటే పచ్చచుక్క, రెండు నిమిషాలు ఆడకపోతే ఎర్రచుక్క. నేను కూర్చున్న పూట కప్పను పడేసేవాళ్లందరూ పచ్చగా కళకళలాడుతున్నారు. కిటికీ పక్కన మాత్రం ఒక్క ఎర్రచుక్క. టీచర్ పాపం పరుగున వెళ్లింది.

"ఏం చేస్తున్నావమ్మా, ఊరికే కూర్చున్నావ్?"

"లెక్కపెడుతున్నా టీచర్."

నిజమే. ట్యాబ్‌ను పక్కకు జరిపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎనిమిది తర్వాత నుంచి ఒక్కో వేలూ మడుస్తోంది. గదిలో లెక్క చేస్తున్నది ఆ పిల్ల ఒక్కతే.

"చెయ్యి, కానీ ఒక వేలు స్క్రీన్ మీద కదుపుతూ ఉండు తల్లీ. లేకపోతే నువ్వు లేనట్టు చూపిస్తుంది."

పిల్ల బుద్ధిమంతురాలు. ఎడమచేతి వేలితో తెర మీద సున్నాలు చుడుతూ, కుడిచేతి వేళ్లు మడవడం మొదలుపెట్టింది. చుక్క పచ్చబడింది. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు. వేళ్లు అయిపోయాయి. ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. పక్కనున్న పిల్లాడి చెయ్యి లాక్కుని, వాడి చిటికెన వేలు మడిచి పద్నాలుగు అంది, ఉంగరపు వేలు మడిచి పదిహేను అంది. వాడు అడ్డు చెప్పలేదు. వాడి రెండో చెయ్యి కప్ప మీద ఉంది.