అరకు సంతకు రెండు కోళ్లు

విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. చీకటితో బయల్దేరి, పొద్దుగూకేలోపు సైకిలు మీద అరకు చేరాలని నా ఏర్పాటు. తోడెవరూ లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక రోజంతా గడపాలన్నది అసలు కోరిక. ఆ మాటంటే మా ఆవిడ, "మాట్లాడకుండా ఉండటానికి అంత దూరం దేనికి? ఇంట్లోనూ అదేగా చేసేది" అంది.

పెందుర్తి దాటి కొత్తవలసలో టీకి ఆగాను. గ్లాసు చేతికి వచ్చేలోపే సైకిలు చుట్టూ నలుగురు చేరారు. ఒకాయన టైరు నొక్కి చూశాడు. ఇంకొకాయన గేరు టకటకలాడించి, నాకంటే ముందే ఏది ఎందుకో తెలుసుకున్నాడు. తర్వాత రావాల్సిన ప్రశ్న వచ్చింది.

"ఎంతయినాదండీ?"

నిజం చెప్తే బాగుండదని సగం చెప్పాను.

"ఇంకొంచెం ఏస్తే బండే వచ్చేసేది కదండీ!" అన్నాడాయన. ఆ గొంతులో బాధ చూస్తే డబ్బు ఆయనదేమో అనిపించింది. శృంగవరపుకోటలో ఇడ్లీ తింటూ ఆ సగంలో సగం చెప్పాను. అక్కడా అంతే బాధ. బొడ్డవర చేరేసరికి తెలివొచ్చి, ఎవరో తెలిసినాయన పాతది ఊరికే ఇచ్చాడన్నాను. "అయితే పర్లేదు" అని అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. రోడ్డు ఎత్తెక్కేకొద్దీ నా సైకిలు ధర దిగిపోయింది.

బొడ్డవర బస్టాపులో ఒక మామ్మ మాత్రం సైకిలు సంగతి పట్టించుకోలేదు. నా మోకాళ్ల పైకున్న బిగుతు నిక్కరును కాసేపు చూసి, "బాబూ, ప్యాంటేటైనాది?" అని మెల్లగా అడిగింది. ఎక్కడో పోగొట్టుకున్నాననుకుంది, పాపం. దానికి జవాబు నా దగ్గర లేదు.

అక్కణ్నుంచి ఘాట్ రోడ్డు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో ఈ కొండల్లోనే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. కొండలు దాటడానికి రైల్వేవాళ్లు 58 సొరంగాలు తవ్వుకున్నారు. నా వంతుకు ఒక్కటీ రాలేదు. అన్నిటికంటే తేలిక గేరులో, తల దించుకుని, ముందు చక్రం తప్ప ఇంకేమీ చూడకుండా తొక్కుతున్నాను. పక్కనే ఒక లగేజీ ఆటో వచ్చి నా వేగానికి తగ్గింది.

"ఎక్కించేయండి సార్ సైకిలు. డబ్బులొద్దు."

వద్దు, తొక్కుకుంటూనే వెళ్తానన్నాను.

"ఎందుకండీ?"

ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. ఆలోచిస్తూ తొక్కాను. జవాబు వినకుండా అతను కదలడు. ఇంతలో మలుపు వచ్చింది, వెనక ఆర్టీసీ బస్సూ వచ్చింది. హారను కొట్టి కొట్టి డ్రైవరు తల బయటికి పెట్టి, ఏటి గొడవని అడిగాడు. "ఎక్కమంటే ఎక్కరండీ ఈయన!" అని ఆటో అతను నా మీద ఫిర్యాదు చేశాడు. బస్సు కిటికీల్లోంచి వరసగా తలలు బయటికొచ్చాయి. "ఎక్కండి మాస్టారూ, మొహమాటం దేనికి!" "గుండె జాగర్త అండీ!" మొత్తానికి బస్సంతా ఒక నిర్ణయానికొచ్చింది, నేను తప్ప. నేను దిగి పక్కకు నిలబడితే గాని రెండు బళ్లూ కదల్లేదు.

అనంతగిరి దాటాక వెనక టైరు పంక్చరైంది. చేతి పంపు ఉంది. నాలుగుసార్లు కొట్టేసరికి దాని పిడి ఊడి చేతికొచ్చింది. తోసుకుంటూ వెళ్తే రోడ్డు పక్కన పంక్చర్ షాపు, బయట కంప్రెసరు. ప్రాణం లేచొచ్చింది. షాపాయన ట్యూబు నీళ్లలో ముంచి, బుడగలొచ్చిన చోట గీకి, సొల్యూషన్ రాసి, ముక్క అతికించాడు. గాలి పెట్టబోయి ఆగిపోయాడు.

నా ట్యూబుకున్నది సన్నటి ఫ్రెంచి వాల్వు. కొనన చిన్న ఇత్తడి మర ఉంటుంది, దాన్ని వదులు చేస్తేగాని గాలి లోపలికి పోదు. ఆయన గొట్టమేమో బండ్ల లావు వాల్వుకు చేసింది. పెడితే వదులై, గాలంతా మా ఇద్దరి మొహాల మీదికే వచ్చింది. ఆయన కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాల్వు మీది ప్లాస్టిక్ టోపీ తీసి, బ్లేడుతో దాని ముక్కు కోసి, తలకిందులుగా వాల్వుకే బిగించాడు. ఇప్పుడు గొట్టం పట్టుకుంది. టైరు రాయిలా గట్టిపడింది.

డబ్బులిస్తే తీసుకోలేదు. "అరకే కదా ఎల్తన్నారు" అని లోపలికి వెళ్లి, కాళ్లు కట్టిన పుంజునీ పెట్టనీ తెచ్చి హ్యాండిలుకి తలకిందులుగా వేలాడేశాడు. "సంతలో మా బావమరిది చీపుర్లమ్ముతాడు. ఎర్ర తువ్వాలుంటాది, ఎవుల్నడిగినా చెప్తారు."

బ్రేకు వేద్దామంటే వేళ్ల మధ్య ఈకలు. ఎక్కేటప్పుడు అవి బుద్ధిగానే ఉన్నాయి. నాలుగు వేల అడుగులు దాటిన గాలికొండ వ్యూ పాయింటు దగ్గర ఒక టూరిస్టు కుర్రాడు నన్ను ఆపి, "అన్నా, బొంగులో చికెన్ ఎక్కడ చేస్తావ్?" అన్నాడు. ఆ మాట అర్థమైందో ఏమో, అక్కణ్నుంచి పుంజు గోల మొదలుపెట్టింది. సుంకరిమెట్ట కాఫీ తోటల మధ్య దిగుడులో, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు చూస్తూ నిశ్శబ్దంగా దిగాలని ఎంత ఆశపడ్డానో! ప్రతి మలుపులోనూ పెట్ట రెక్కలు నా మోకాలికి కొట్టుకున్నాయి. ప్రతి బ్రేకుకీ పుంజు కూసింది. నాకు బెల్లు కొట్టాల్సిన పని మాత్రం తప్పింది.

సంతలో దిగగానే ఐదారుగురు మూగారు. "పుంజెంత?" అమ్మనంటే బేరమనుకుని వంద పెంచారు. అక్కడ సగం మందికి ఎర్ర తువ్వాలే. కొండచీపుర్ల వరస అంతా తిరిగితే చివర్లో దొరికాడు బావమరిది. కోళ్లను చేత్తో తూచి చూశాడు, నన్ను కిందికీ పైకీ చూశాడు.

"మూడంపేనన్నాడే బావ?"

నా నోట మాట రాలేదు. ఫోను చేశాడు, కలవలేదు. "సిగ్నలు కోసం అలా మెట్టెక్కొస్తాను, మీరిక్కడే ఉండండి" అని, నా సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

గోనెపట్టా మీద చీపుర్ల ముందు కూర్చున్నాను. ఒకావిడ వచ్చి కట్ట ధర అడిగింది. తోచింది చెప్పాను. ఇరవై తగ్గించమంది.

తగ్గించి ఇచ్చేశాను.